గుమ్మంలో వదిలేసిన పేరు

కిందటి వారం సుబ్బాయమ్మని తిరువూరు పోలీసు స్టేషను వరండాలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే నిలబడి ఉంది. హెడ్ కానిస్టేబులు యేసుదాసు చెప్పిన మాట విన్నాక కాళ్ళు కదిలితే కదా!

"మీరు పోయారని చెబుతున్నారమ్మా ఊళ్ళోవాళ్ళు" అన్నాడతను ఎటో చూస్తూ. "పోయినవాళ్ళకి పాస్‌పోర్టు ఇవ్వరు కదండీ."

ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పాలి. సుబ్బాయమ్మకి ఒక అన్న ఉన్నాడు, ఏడుకొండలు. కుర్రతనంలో తండ్రి మీద అలిగి మలయా పారిపోయాడు. ఇంట్లో ఆ పేరు ఎత్తడానికి లేకుండా చేశాడు తండ్రి. అలాంటిది, ఇన్నేళ్ళకి ఆ అన్న పేరుతో ఉత్తరం వచ్చింది. "ఒంట్లో బాగుండడం లేదు, ఒక్కసారి వచ్చి కనిపించమ్మా" అని. ఉత్తరంతో పాటు ఓడ టిక్కెట్టు. మద్రాసు రేవులో ఎక్కితే పినాంగులో దిగడమే. భర్త జగన్నాథరావు పోయి, పిల్లాజెల్లా లేక, మెయిన్ రోడ్డు వెనక సందులో ఒంటిగదిలో మామిడి తాండ్ర వేసుకుని బతుకుతున్న మనిషికి, ఈ ప్రపంచంలో నాకూ ఒకడున్నాడన్న కబురది. ఆ రోజునుంచీ ఆవిడ స్థిమితంగా అన్నం తిన్నది లేదు.

అయితే ఓడంటే బెజవాడ బస్సా, చెయ్యెత్తితే ఆగడానికి! పాస్‌పోర్టు ఉండాలి. మశూచి టీకా, కలరా సూది వేయించుకున్నట్టు ఆసుపత్రివాళ్ళు రాసిన పుస్తకం ఉండాలి. ఓడ కంపెనీ వాళ్ళు పంపిన కాగితాన్ని, చిన్నప్పుడు ఆవిడకి చదువు చెప్పిన శౌరయ్య మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చదివి, ఆవిడకి తెలుగులో విడమరిచి చెప్పారు. "అన్నిట్లోకీ ముఖ్యం ఇదమ్మా. టిక్కెట్టు మీద ఏ పేరుందో, పాస్‌పోర్టులో అదే ఉండాలి, సూదుల పుస్తకంలోనూ అదే ఉండాలి. తేడా కనపడిందా, రేవులోనే ఆపేస్తారు. ఓడ నీ కళ్ళముందే వెళ్ళిపోతుంది."

టిక్కెట్టు మీద ఉన్న పేరు నాగేంద్రమ్మ.

ఈ నాగేంద్రమ్మ ఎవరయ్యా అంటారా? ఇంకెవరు, మన సుబ్బాయమ్మే! వినగడపలో రత్తయ్య గారింట్లో పుట్టినప్పుడు పెట్టిన పేరు అది. బళ్ళో అదే, పెళ్ళి శుభలేఖలోనూ అదే. పెళ్ళయి తిరువూరులో అత్తారింటి గుమ్మం ముందు నిలబడేదాకా ఆ పేరుకి ఏ ఇబ్బందీ రాలేదు. కొత్త దంపతుల్ని గుమ్మంలో ఆపి పేర్లు చెప్పించడం మనకి ఉన్నదే కదా. ఆడపిల్లలందరూ దారికి అడ్డం నిలబడి, పేరు చెబితేగానీ లోపలికి రానివ్వం అన్నారు. జగన్నాథరావు సిగ్గుపడుతూ, "నేనూ నాగేంద్రమ్మా వచ్చాం, దారి వదలండి" అన్నాడు.

అంతే, నవ్వుతున్న మొహాలు నవ్వుతున్నట్టే బిగుసుకుపోయాయి. ఎందుకంటే, హారతి పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డ అత్తగారి పేరు కూడా నాగేంద్రమ్మే! కాగితం మీద ఉన్నంతసేపు ఎవరికీ పట్టలేదు. నోట పలికేసరికి వచ్చింది తంటా. కన్నతల్లి పేరు పెట్టి పెళ్ళాన్ని పిలుస్తావట్రా అని మామగారు గుడ్లురిమాడు. రేపు ఆ పేరు పెట్టి పని చెప్పాలంటే ఎలా, ఒక మాట అనాలంటే ఎలా? పురోహితుడు అక్కడికక్కడే ఉపాయం చెప్పాడు. నాగేంద్రుడైనా సుబ్బారాయుడైనా ఒకే దేవుడు కాబట్టి సుబ్బాయమ్మ అని పిలుచుకోమన్నాడు. పెళ్ళికూతుర్ని ఎవరూ అడగలేదు. కుడికాలు లోపల పెట్టేసరికి ఆవిడ సుబ్బాయమ్మ అయిపోయింది.

ఆనాడు గుమ్మంలో ఉన్న పెద్దవాళ్ళు ఒక్కొక్కరే కాలం చేశారు. ఆడపిల్లలు పెళ్ళిళ్ళయి ఎటెటో వెళ్ళిపోయారు. ఇంట్లో మిగిలిన ఒకరిద్దరికి తప్ప, తిరువూరుకి తెలిసినదల్లా ఒక్క నాగేంద్రమ్మ, ఆ పోయిన అత్తగారు. కాబట్టి యేసుదాసు సైకిలేసుకుని ఎంక్వయిరీకి వచ్చి, ఈ ఇంటి నాగేంద్రమ్మగారు ఎలాంటి మనిషండీ అని అడిగితే, పాలవాడి దగ్గర్నుంచి కాఫీ హోటలు ఆయన దాకా అందరూ ఒకటే మాట చెప్పారు. "మంచి మనిషండి. పోయి చాలా కాలమైంది."

ఇదండీ సంగతి. ఇప్పుడు కథలోకి వెళదాం.

* * *

"శౌరయ్య మాస్టారు చెప్పారు కదయ్యా" అంది సుబ్బాయమ్మ. "వినగడప బళ్ళో నాకు అక్షరాలు దిద్దించింది ఆయనే కదా."

"చెప్పారమ్మా, రాసుకున్నాను. కానీ మాస్టారు ఎరిగింది ఆ ఊరి నాగేంద్రమ్మని. ఈ ఊళ్ళో ఉన్నది సుబ్బాయమ్మ. ఇద్దరూ ఒకటేనని ఈ ఊరివాళ్ళు, పేరు మార్చిన ఆ ఇంటివాళ్ళు చెప్పాలి. మీ బావగారు చెబితే చాలు. రేపటి తపాలాలో కాగితం పంపించెయ్యాలి నేను. లేకపోతే అలాంటి మనిషి లేదని రాసి పంపాల్సిందే."

మీ బావగారు అనగానే ఆవిడ మొహం మాడిపోయింది. జగన్నాథరావు అన్న వీరరాఘవయ్య ఆవిడ పొడ గిట్టని మనిషి. అత్తగారు పోయాక, ఒకరి మీద ఆధారపడడం ఇష్టం లేక, సుబ్బాయమ్మ వేరే గది చూసుకుని తాండ్ర అమ్మకం పెట్టింది. రెడ్డిగూడెం తోటల్నుంచి రసాలు తెప్పించుకోవడం, చాపల మీద పొర మీద పొర పోసి ఎండబెట్టడం, బస్టాండులో తట్ట పెట్టుకుని కూర్చోవడం. మా ఇంటి కోడలు బస్టాండులో కూర్చుంటే నా తల ఎక్కడ పెట్టుకోను అని వీరరాఘవయ్య కబురు పంపాడు. ఎక్కడ పెట్టుకుంటారో మీ ఇష్టం అని ఈవిడ తిరుగు కబురు పంపింది. అప్పట్నుంచి రోడ్డు మీద ఎదురుపడితే ఆయన మొహం పక్కకి తిప్పుకుని వెళ్ళిపోతాడు. పండగకీ పబ్బానికీ పిలుపు లేదు.

స్టేషను నుంచి గదికి నడుస్తుంటే ఆవిడకి మొన్న ఆసుపత్రిలో జరిగింది గుర్తొచ్చింది. టీకా వేయించుకోవడానికి వెళ్ళి బల్ల మీద కూర్చుంది. కాంపౌండరు బయటికి వచ్చి, నాగేంద్రమ్మా, నాగేంద్రమ్మా అని పిలిచాడు. ఎవరా అని అందరితో పాటు తనూ చుట్టూ చూసింది. ఎవరూ లేవలేదు. నాగేంద్రమ్మ రాలేదా అని విసుక్కుని అతను ఇంకొకర్ని పిలుచుకున్నాక గానీ, అది తన పేరేనని తట్టలేదు. ఫోటో స్టూడియోలోనూ అంతే. చెవులు కనపడాలమ్మా, పమిట తల మీంచి తియ్యమ్మా అని ఫోటో తీసిపెట్టి, ఏ పేరు రాయమంటారని అడిగితే ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చింది. తన పేరు తనకే అలవాటు తప్పింది. ఆవిడకి ఆ ఎండలో నడుస్తూ నడుస్తూ ఏడుపొచ్చింది.

గదికొచ్చి, డాబా మీద ఆరబెట్టిన చాపల్ని చూసుకుంది. పైపొర ఇంకా తడిగానే ఉంది. మామూలుగా అయితే రెండో పోతకి రసం కలుపుకోవాలి. ఆ రోజు చెయ్యి ఆడలేదు. మొహం కడుక్కుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, తాళం వేసి బయల్దేరింది. వెళ్ళేటప్పుడు, వస్తున్నాను అని చెప్పడానికి ఎవరూ లేని గడప అది. అయినా అలవాటు కొద్దీ ఒక్క క్షణం ఆగింది.

* * *

వీరరాఘవయ్య ఇంటి ప్రహరీ మీద, మొన్నటి జై ఆంధ్ర గొడవల్లో కుర్రాళ్ళు తారుతో రాసిన అక్షరాలు సున్నం కొట్టినా ఇంకా కనపడుతూనే ఉన్నాయి. సాయంత్రం ఎండ అరుగు మీదికి ఏటవాలుగా పడుతోంది. ఆయన పడక కుర్చీలో కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. యేసుదాసు అప్పటికే వచ్చి, సైకిలు గోడకి ఆనించి నిలబడి ఉన్నాడు. సుబ్బాయమ్మ మెట్టు దగ్గరే ఆగిపోయింది.

"ఏమయ్యా యేసుదాసూ, ఈవిడెందుకొచ్చింది?" అన్నాడు వీరరాఘవయ్య, ఆవిడ వైపు చూడకుండా.

"ఈవిడ పని మీదే వచ్చానండి. పాస్‌పోర్టు ఎంక్వయిరీ. ఒక్క మాట చెప్పండి చాలు. ఈవిడ నాగేంద్రమ్మగారేనా అండి?"

విసనకర్ర ఆగింది. "ఆ పేరు మా అమ్మది."

"తెలుసండి. అక్కడే కదండీ చిక్కంతా."

"తెలిసీ అడుగుతున్నావా? మా అమ్మ పోయింది. ఈవిడ మా తమ్ముడి భార్య, సుబ్బాయమ్మ. రాసుకో. వెళ్ళు."

"అలా రాసుకుంటే ఆవిడ ఓడ ఎక్కలేరండి."

"ఎక్కకపోతే ఏమైందట? ఓడలెక్కి ఊరేగకపోతే గడవదా? బస్టాండు చాల్లేదు కాబోలు, ఇప్పుడు సముద్రాల మీద పడింది!"

ఆ మాట సుబ్బాయమ్మకి గుచ్చుకుంది. ఇంకొకరోజైతే వెనక్కి తిరిగి వెళ్ళిపోయేదే. కానీ వెనక్కి వెళితే ఉన్నది ఏముంది? తాళం వేసిన గది, ఆరీ ఆరని తాండ్ర. మెట్టెక్కింది. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డ తోడికోడలు హనుమాయమ్మ వైపు తిరిగింది. బావగారితో మొహం మొహం పెట్టి మాట్లాడే అలవాటు ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

"అక్కా, బావగారితో చెప్పు. నేను పొలం అడగడానికి రాలేదు, ఇల్లు అడగడానికి రాలేదు. నా పేరు అడగడానికి వచ్చాను. ఈ గుమ్మంలోనే తీసుకున్నారు. నాది నాకిచ్చెయ్యమను."

"విన్నారా?" అంది హనుమాయమ్మ.

"చెవులు బాగానే ఉన్నాయి" అన్నాడాయన స్తంభంతో మాట్లాడుతున్నట్టు. "మా నాన్న పెట్టిన కట్టు అది. అమ్మ పేరుతో ఈ ఇంట్లో ఇంకొకర్ని పిలవకూడదన్నాడు. ఆయన మాట నేను దాటను. ఆ పేరు ఈవిడకి పెట్టి చెప్పమంటే నా నోరు రాదు."

"మామయ్యగారి మాట నేను మాత్రం దాటానా అక్కా? అత్తయ్య పేరు పెట్టి నన్ను ఒసే అంటే అత్తయ్యని అన్నట్టు ఉంటుందన్నారు. నిజమే అనుకున్నాను. అత్తయ్య ఉన్నంత కాలం మా ఊరివాళ్ళు వస్తే వాళ్ళ చేత కూడా సుబ్బాయమ్మా అనే పిలిపించాను. ఇప్పుడు అత్తయ్య లేరు. మీ మరిదీ లేరు. నన్ను నాగేంద్రం అనేవాళ్ళు మా నాన్నా అమ్మా పోవడంతోనే పోయారు. సుబ్బాయమ్మా అనేవాళ్ళైనా ఉన్నారా అంటే..."

పమిట చెంగుతో మొహం తుడుచుకుని, ఈసారి నేరుగా ఆయన వైపే చూసింది.

"బస్టాండులో తాండ్రమ్మా అంటారు బావగారూ! రెండు పేర్లు పెట్టించుకున్న మనిషిని, ఒక్క పేరుతో పిలిచే దిక్కు లేదు. జ్వరమొచ్చి తలుపు తియ్యకపోతే, తట్ట రాలేదేంటి అనుకుంటారు గానీ మనిషి రాలేదేంటి అనుకునేవాళ్ళు లేరు. మా అన్న ఒక్కడు అనుకున్నాడు, ఓడ టిక్కెట్టు పంపి రమ్మన్నాడు. వాడు మంచం మీద ఉన్నాడు. అవును, ఇది నాగేంద్రమ్మేనని ఒక్కసారి అనండి. మళ్ళీ జన్మలో మిమ్మల్ని అడగను."

బావగారూ అని ఆవిడ ఎదురుగా పిలవడం అదే మొదటిసారి. యేసుదాసు తన బూట్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు.

"చెప్పండి" అంది హనుమాయమ్మ మెల్లగా. "అత్తయ్య ఉంటే ఈపాటికి ఆవిడే స్టేషనుకి వెళ్ళి చెప్పొచ్చేది. మీకా మాత్రం తెలీదా?"

"నువ్వూరుకో."

"ఊరుకున్నాను కదండీ ఇన్నాళ్ళూ. నేనూ ఆ రోజు గుమ్మంలో అడ్డం నిలబడ్డదాన్నే. పేరు చెప్పమని అల్లరి పెట్టిందీ నేనే. ఈవిడ మొహం ఎలా అయిపోయిందో నేను చూశాను."

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. కూర్చుని, చెప్పులేసుకుని పలికే పేరు కాదది ఆయనకి. భుజం మీది తుండు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"రాసుకో యేసుదాసూ. ఈవిడ వినగడప రత్తయ్య గారి అమ్మాయి. మా తమ్ముడు జగన్నాథరావు భార్య. మా ఇంట్లో సుబ్బాయమ్మ అని పిలుచుకున్నాం. అసలు పేరు..." ఆగాడు. "అసలు పేరు నాగేంద్రమ్మ."

సుబ్బాయమ్మకి ఒళ్ళు ఝల్లుమంది. ఎన్నేళ్ళయింది ఒక మనిషి నోటినుంచి తన పేరు అలా నిండుగా విని! కాంపౌండరు పిలిస్తే లేవని మనిషి, ఇప్పుడు ఊఁ అనబోయి తమాయించుకుంది. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది. హనుమాయమ్మ వచ్చి భుజం పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టింది. యేసుదాసు గబగబా రాసుకుని, వీరరాఘవయ్య చేత సంతకం పెట్టించుకున్నాడు.

"ఇంకేం పర్వాలేదమ్మా. రేపే పంపించేస్తాను. ఓడ టైముకి పాస్‌పోర్టు వచ్చేస్తుంది మీకు" అన్నాడు. అతనికీ ఆ పని తెమిలినందుకు సంతోషంగానే ఉంది.

* * *

తల్లి పేరు నోటినుంచి వచ్చాక వీరరాఘవయ్య మెత్తబడిపోయాడు. కుర్చీలో కూలబడి, ఎవరితోనో చెప్పుకోవాలన్నట్టు కానిస్టేబులు వైపు తిరిగాడు.

"మా అమ్మ సంగతి నీకు తెలీదులే. నువ్వు ఈ ఊరికి కొత్త. పదో రోజున ఈ వీధి పట్టలేదయ్యా జనం. ఎవరెవరు వచ్చారనుకున్నావ్! మలయా నుంచి కూడా వచ్చాడొకాయన."

"మలయా నుంచా అండి?"

"ఆఁ! అక్కడ కూర్చున్నాడు, ఆ స్తంభం దగ్గర. మా అమ్మ పేరు చెప్పి, ఆవిడ ఇల్లు ఇదేనా అండి అన్నాడు. ఇదే అన్నాను. ఎలా ఉందండీ అన్నాడు. ఏం చెప్తాం! పోయిందయ్యా, ఈవేళే పదో రోజు అన్నాను. అంతే, కుప్పకూలిపోయాడు. కన్నకొడుకుని, నేనే అంత ఏడవలేదు. ఒక్కసారి చూద్దామని సముద్రం దాటి వచ్చానండీ అని తల బాదుకున్నాడు. మా అమ్మ ఎప్పుడో ఎవరికో అన్నం పెట్టి ఉంటుంది, ఆ రుణం అనుకున్నాం. భోజనానికి లేవమంటే లేవలేదు. బెజవాడ వెళ్ళి ఆవిడ పేరు చెప్పి కృష్ణలో మునిగి, అటునుంచి అటే వెళ్ళిపోతానన్నాడు. అలాంటిదయ్యా మా అమ్మ!"

"మహాతల్లి అండి" అన్నాడు యేసుదాసు. కాగితాలు సంచిలో పెట్టుకుని, నమస్కారం పెట్టి, సైకిలు తీసుకున్నాడు.

సుబ్బాయమ్మ కదల్లేదు. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బావగారూ" అంది. "ఆయన పేరేంటన్నాడు?"

"పేరా? ఎవరికి గుర్తుంటుంది ఇన్నేళ్ళకి!"

"నాకు గుర్తుంది" అంది హనుమాయమ్మ. "ఏడుకొండలన్నాడు. మా నాన్న పేరే కదా అని అప్పుడే అనుకున్నాను. ఏం, ఎందుకలా అయిపోతున్నావ్?"

సుబ్బాయమ్మ ఆ స్తంభం వైపు చూసింది. ఆ రోజు తను ఈ ఇంట్లోనే ఉంది. మొగుడు పోయినదాన్ని కదా, పదిమందిలోకి రాకూడదని వెనక వంటింట్లో కూర్చుని అన్నాలు వారుస్తోంది. వీధిలో ఎవరో మగమనిషి ఏడుస్తుంటే విని, చుట్టాలెవరో అనుకుని తనూ అత్తగారి కోసం ఏడ్చింది. సుబ్బాయమ్మా, ఒక గ్లాసు మజ్జిగ పట్రావే, ఎవరో పాపం సొమ్మసిల్లిపోయేట్టున్నాడు అని అక్క పిలిస్తే, తనే కలిపి తెచ్చి గుమ్మం లోపల నుంచి అందించింది. తెల్ల చొక్కా, వంగిపోయిన వీపు కనపడ్డాయి. అంతే. మొహం చూడలేదు. ఎవరో అనుకుని మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎక్కడినుంచి వచ్చాడో ఆ తర్వాతా తనకి ఎవరూ చెప్పలేదు.

"మా అన్నే అక్కా అది" అంది. "అత్తయ్య కోసం కాదు. నా కోసం ఏడ్చాడు. నేను పోయాననుకుని ఏడ్చాడు. మజ్జిగ నేనే ఇచ్చాను అక్కా! నా చేత్తో నేనే ఇచ్చాను!"

నోట్లో పమిట కుక్కుకుని కిందకి వాలిపోయింది. ఎవరిని తిట్టాలి? పోయిందా అని అడిగితే పోయిందన్నారు. అడిగినవాడు తప్పు అడగలేదు, చెప్పినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. వంటింటికీ అరుగుకీ మధ్య ఒక్క గోడ. సుబ్బాయమ్మా అన్న కేక వాడి చెవినా పడే ఉంటుంది, ఎవరో అనుకుని ఉంటాడు. వీరరాఘవయ్య నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళూ తల్లి గొప్ప కింద చెప్పుకున్న కథ ఆయన చేతిలోనే విరిగిపోయింది. హనుమాయమ్మ తోడికోడలి తలని ఒళ్ళో పెట్టుకుని, ఊరుకోవే నాగేంద్రం, ఊరుకో అంటూ తనూ ఏడ్చింది. ఏ పేరుతో పిలిచిందో ఆవిడకే తెలీలేదు.

కాసేపటికి, తల నిమురుతున్న చెయ్యి ఆగిపోయింది. హనుమాయమ్మ మొహంలో ఏడుపు పోయి ఇంకేదో వచ్చింది.

"అయితే ఒసే... మీ అన్న దృష్టిలో నువ్వు ఎప్పుడో పోయావు కదే?"

"అవునక్కా."

"నీ పేరు చెప్పి కృష్ణలో మునిగి వెళ్ళిన మనిషి, మళ్ళీ నీకే టిక్కెట్టు ఎలా పంపిస్తాడే?"

సుబ్బాయమ్మ మెల్లగా లేచి కూర్చుంది. ఉత్తరం ఆవిడకి కంఠతా వచ్చు. అన్నయ్య అని ఉంది. వచ్చి కనిపించమ్మా అని ఉంది. నువ్వు బతికే ఉన్నావా అని మాత్రం లేదు. పోయిందనుకున్న చెల్లెలు ఉందని తెలిసిన మనిషి రాయాల్సిన ముక్క ఒక్కటీ అందులో లేదు.

వీరరాఘవయ్యే ముందు తేరుకున్నాడు. గబుక్కున లేచాడు. "నువ్వు వెళ్ళడానికి వీల్లేదమ్మాయ్" అన్నాడు. ఈసారి హనుమాయమ్మతో కాదు, స్తంభంతో కాదు, ఆవిడతోనే. "ఎవడో ఏమిటో! అక్కడ రేవులో ఎవడు కాచుక్కూర్చున్నాడో ఎవరికి తెలుసు? ఒంటరి ఆడది, భాష రాదు. నేను పొరపాటుపడ్డానని చెప్తాను. ఈవిడ నాగేంద్రమ్మ కాదని చెప్పేస్తాను. ఆ కాగితం ముందుకెళ్ళకూడదు."

"బావగారూ, వద్దు!"

ఆయన అప్పటికే మెట్లు దిగాడు. చెప్పులు కూడా వేసుకోలేదు. "యేసుదాసూ! ఒరేయ్ యేసుదాసూ! ఆగవయ్యా!" అని అరుస్తూ వీధిలో పడ్డాడు.

హనుమాయమ్మ ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆయన అన్నది నిజమేనే. ఊరూ పేరూ తెలీని మనిషి పిలిస్తే ఎలా వెళ్తావ్? మానుకో."

సుబ్బాయమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఊరూ పేరూ తెలిసినవాళ్ళు ఇక్కడ ఇంతమంది ఉన్నారు కదక్కా, ఎవరన్నా నన్ను రమ్మన్నారా? అక్కడెవరో రమ్మన్నారు. ఎవరైనా సరే, నాగేంద్రమ్మ అనే మనిషి ఒకతె ఉందని వాళ్ళకి తెలుసు. నేను వెళ్తాను" అని చెయ్యి విడిపించుకుని, బావగారి వెనకే పరిగెత్తింది.

సందు మలుపులో, కేక విని, సైకిలు ఆగింది.